ఏడో నంబరు గంట

“కాఉ ఆసిలా! కాకి వచ్చేసిందోయ్!”

బడా బజార్ వీధి మలుపు దగ్గర్నుంచి ఆ కేక వినబడగానే డాబా మీదున్న ఆరుగురూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. కేక పెట్టినవాడు బట్టల కొట్టు పింటు. ఒడియావాడే గానీ పుట్టి పెరిగింది ఈ వీధిలోనే, తెలుగు కూడా గడగడా మాట్లాడతాడు. నాలుగిళ్ళ అవతల తన డాబా ఎక్కి కరెంటు తీగలకేసి చెయ్యి చూపిస్తున్నాడు. అందరూ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. తీగ మీద నల్లగా ఏదో ఊగుతోంది. చూడగా చూడగా అది కాకి కాదు, గాలికి ఎగిరొచ్చి చిక్కుకున్న నల్ల ప్లాస్టిక్ సంచి.

మళ్ళీ అందరూ కూలబడ్డారు.

సంగతేమిటంటే, ఆ రోజు గురువమ్మ సంవత్సరీకం. గురువమ్మంటే ఈ పప్పుల హోల్‌సేలు కొట్టు భీమేశ్వరరావుగారి తల్లి. పోయి సరిగ్గా ఏడాది. పొద్దున్న పదింటికి మొదలైన తంతు ఒంటిగంటన్నరకి ముగిసింది. భోక్తలు తృప్తిగా తిని, దక్షిణ పుచ్చుకుని వెళ్ళిపోయారు. ఇక మిగిలిందల్లా ఒక్కటే. అరిటాకులో పెట్టి పిట్టగోడ మీద ఉంచిన పిండాన్ని కాకి వచ్చి ముట్టాలి. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు తాకకూడదు. ఇప్పుడు నాలుగు కావస్తోంది. జ్యేష్ఠ మాసం ఎండకి పిండం మీద నువ్వులు కూడా ఎండి రాలిపోతున్నాయి. బరంపురంలో కాకులకి కరువా చెప్పండి? పొద్దున్న వడియాలు ఎండబెడితే తరమలేక చస్తాం. ఆ రోజు మాత్రం ఆకాశం తుడిచిపెట్టినట్టు ఉంది. ఒక్క రెక్క చప్పుడు లేదు.

“అక్కా, మీ అత్త బతికున్నప్పుడు గారె ముందర పెడితే సెయ్యి కడుక్కోడానికి కూడా ఆగీది కాదు గదా,” అన్నాడు నీలకంఠం. “ఇప్పుడేటి ఇంత బెట్టు?”

నీలకంఠం ఈ ఇంటావిడ వాసవీకుమారికి తమ్ముడు. ఛత్రపురం నుంచి పొద్దున్నే వచ్చాడు. ఆకలేసినకొద్దీ అతనికి హాస్యం ఎక్కువవుతుంది. మామూలప్పుడైతే అందరూ నవ్వేవారే. కానీ భీమేశ్వరరావు వైపు చూసి ఎవరూ నవ్వలేదు.

ఆయనకి ఇరవై ఏళ్ళుగా చక్కెర జబ్బు. కర్మ చేసేవాడు కాబట్టి రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు. అంతవరకూ బాగానే ఉంది. పొద్దున్నే అలవాటు కొద్దీ మాత్ర మాత్రం గుటుక్కున మింగేశాడు. మూడింటి నుంచి చెమటలు పడుతున్నాయి. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే పలకడానికి కాస్త ఆలస్యం అవుతోంది. ఒళ్ళో తువ్వాలు పెట్టుకుని, ఒంటి మీది జంధ్యం పట్టుకుని, పిండం వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆయన కొడుకు అనుదీప్ ఆ చేతుల వైపే చూస్తున్నాడు. ఇంకో అరగంట, మహా అయితే గంట. ఆ లోపల నాన్న నోట్లో నాలుగు మెతుకులు పడకపోతే మనిషి దక్కడు. ఆ సంగతి డాక్టరు ఫోన్లో విడమరిచి చెప్పాడు.

రామం పంతులుగారికి అంకులిలో ఇంకో కార్యం ఉంది. ఆయన గడియారం చూసుకుని చూసుకుని, దీనికి శాస్త్రంలోనే ఉపాయం ఉందనీ, దర్భలతో కాకి బొమ్మ కట్టి పిండానికి తాకిస్తే చాలనీ, అందరూ లేచి భోజనానికి కూర్చోవచ్చనీ చెప్పారు.

భీమేశ్వరరావు మెల్లగా తల తిప్పాడు.

“మా అమ్మ నోటికి గడ్డి పెట్టమంటారేటండీ?”

పంతులుగారు మళ్ళీ గడియారం చూసుకున్నారు.

కాకి రాకపోతే పోయినవాళ్ళకి తీరని కోరికేదో ఉన్నట్టు లెక్క. మనవాళ్ళలో ఆ పద్ధతి అందరికీ తెలిసిందే. ఇంటివాళ్ళు ఒక్కొక్కరూ లేచి, ఆకు దగ్గర నిలబడి, ఫలానాది చేస్తాం, వచ్చి తిను తల్లీ, అని మాటిస్తారు. సరైన మాట పడగానే కాకి వాలుతుంది. వాసవీకుమారి గాజుల జత ఆడపడుచుకి ఇచ్చేస్తానంది. అత్తగారు పడుకున్న వెనక గదికి సున్నం వేయిస్తానంది. తారాతారిణి అమ్మవారి కొండకి చీర పట్టుకెళతానంది. నీలకంఠం అక్కడే గుండు చేయించుకుంటానన్నాడు, తలలో పట్టుమని పాతిక వెంట్రుకలు లేకపోయినా. కోడలు సాయిపద్మ ఏమీ అనకుండా దణ్ణం పెట్టి వచ్చేసింది.

ఏ కాకీ రాలేదు.

సాయిపద్మ పంచదార నీళ్ళు కలపడానికి కిందికి వెళ్ళి, గ్లాసుతో వచ్చి అనుదీప్ పక్కన వంగింది.

“కింద నీ డబ్బా ఏదో రాస్తన్నాది,” అంది గుసగుసగా. “ఓపాలి ఎల్లి సూడు.”

“ఏటి రాస్తన్నాది?”

“ఏడు అని.”

అనుదీప్ లేచి మెట్లవైపు నడిచాడు.

ఇక్కడ ఆ డబ్బా సంగతి కొంచెం చెప్పాలి. అనుదీప్ ఉద్యోగమేమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా అంతుపట్టదు. ఇంట్లోనే కూర్చుని ఏదో పై ఊరి కంపెనీకి పనిచేస్తాడు. కంప్యూటరు లోపల కెర్నెల్ అని ఒక పెత్తందారు ఉంటుందట. ఏ వస్తువు తగిలించినా ముందు దానికి తెలియాలి. బజార్లో దొరికే వస్తువులైతే దానికి ఎరుకే. అలా కాక, మనమే సొంతంగా ఓ కొత్తరకం లైను కట్టి, దానికి మన సొంత సామాను తగిలిస్తే, పెత్తందారు తెల్లమొహం వేస్తుంది. ఆ కొత్త లైను తీరుతెన్నులు దానికి నేర్పిపెట్టడమే అనుదీప్ పని. ఆ లైనుని వాళ్ళ చదువులో బస్ అంటారు. అది విన్న రోజున నీలకంఠం, నీ బస్సు ఛత్రపురంలో ఆగుతాదేట్రా అల్లుడూ, అని అడిగి తనే పడీపడీ నవ్వాడు.

ఇల్లు చూస్తే రైలు పెట్టెలా పొడుగు. వీధిలో కొట్టు, దాని వెనక నడిమిల్లు, ఆ వెనక వంటిల్లు, ఆపైన బస్తాల గోదాము, గోదాము దాటాక చిట్టచివర ఒక చిన్న గది. ఆ గదిలో గురువమ్మ రెండేళ్ళు మంచాన ఉంది. తలుపు చప్పుడైతే ఇటు వినబడుతుంది గానీ, ఆవిడ అరిచినా ఎవరికీ వినపడదు. అందుకని అనుదీప్ ఇల్లంతా రెండు తీగలు లాగి ఏడు చోట్ల ఏడు మీటలు పెట్టాడు. ఒకటి కొట్టులో, ఒకటి వంటింట్లో, ఒకటి డాబా మీద, అలా. ఏడోది గురువమ్మ మంచం పక్కన. మీట నొక్కితే అక్కడ ఎర్ర దీపం వెలుగుతుంది. నడిమింట్లో గూట్లో పెట్టిన డబ్బాలో, అంటే అతను కట్టిన చిన్న కంప్యూటరులో, గంట మోగుతుంది. దాని అద్దం మీద ఏ నంబరో పడుతుంది.

లోపలి కిటుకు వాసవీకుమారికి ఇలా చెప్పాడు. పెత్తందారు దగ్గర రెండు చిట్టాలు ఉంటాయమ్మా. లైను మీదికి వచ్చినవాళ్ళది ఒకటి, వాళ్ళని చూసుకునేవాళ్ళది ఒకటి. మీట నొక్కి ఎవరు కొత్తగా వచ్చినా, సంబంధాలు కుదిర్చే పేరయ్యలాగా, వీళ్ళకి వాళ్ళు సరిపోతారా అని అడుగుతుంది. సరిపోతారంటే చూసుకునేవాడు ఒకసారి వెళ్ళి చూసొస్తాడు. చూసి సరేనంటే ఇద్దరికీ ముడి. చూసి, ఇప్పుడు కాదు తర్వాత, అన్నాడనుకో, వచ్చినవాళ్ళు వెయిటింగ్ చిట్టాలో ఉంటారు. పెత్తందారు వాళ్ళని మర్చిపోదు. వీలు దొరికినప్పుడల్లా మళ్ళీ అడుగుతూనే ఉంటుంది.

ఇంటి పనే కదా అని అనుదీప్ రెండు చోట్ల బద్ధకించాడు. సరిపోతారా అని అడిగే చోట, ఎవరొచ్చినా ఏమీ చూడకుండా ‘సరిపోతుంది’ అని రాసిపడేశాడు. రెండోది, మీటలకి సొంత పేర్లు ఇవ్వలేదు. తీగ మీద ఏ చోట ఉంటే అదే పేరు. సాయిపద్మ స్కూల్లో లెక్కలు చెబుతుంది, వెంటనే పట్టేసింది. మరి ఆ చోట ఇంకొకరు కూర్చుంటేనో అని అడిగింది. కూర్చుంటే వాళ్ళే ఏడు, దానికి మనిషితో పనేముంది, అన్నాడు అనుదీప్.

మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. తర్వాత విసుగు మొదలైంది. గురువమ్మకి మీట దొరికింది కదా, ఇక చూడండి. మంచినీళ్ళకి ఒకసారి, పక్క తిప్పమని ఒకసారి, బెడ్ పాన్‌కి ఒకసారి, ఊరికే ఎవరైనా ఉన్నారా అని పదిసార్లు. వాసవీకుమారి పరిగెత్తి పరిగెత్తి మోకాళ్ళు పట్టేశాయి. సాయిపద్మ నా వంతు కాదంటే, అనుదీప్ నాకు మీటింగు అనేవాడు. ఒస్తన్నాం, తర్వాత, తర్వాత, అని నడిమింట్లోంచే అరిచేవారు. అది ఆవిడకి వినపడదని తెలిసీ అరిచేవారు.

పోయినేడు ఇదే తిథి నాడు సాయిపద్మ పుట్టింటివాళ్ళు పర్లాకిమిడి నుంచీ, నీలకంఠం ఛత్రపురం నుంచీ భోజనానికి వచ్చారు. నడిమింట్లో ఆకులు వేశారు. పప్పు వడ్డించారో లేదో ఏడో నంబరు మోగింది. వాసవీకుమారి వెళ్ళి వచ్చింది. మళ్ళీ మోగింది. సాయిపద్మ వెళ్ళి వచ్చింది. మళ్ళీ. వియ్యంకుడు మొహమాటంగా గోడకేసి చూశాడు. అప్పుడు భీమేశ్వరరావు ఆకులోంచి తల ఎత్తకుండా అన్నాడు.

“అది మోగుతానే ఉంటాది. తినండి.”

అని, కొడుకు వైపు చూసి కనుబొమ ఎగరేశాడు. అనుదీప్ ఎడం చేత్తో ఫోన్లోంచి డబ్బాలోకి ఒక్క లైను రాశాడు. ఏడో నంబరు ఎప్పుడు వచ్చినా ‘తర్వాత’ అను. అంతే. గంట ఆగిపోయింది. మామ్మ దగ్గర ఎర్ర దీపం మాత్రం వెలుగుతుందని, పిలిచాననుకుని తృప్తిగా పడుకుంటుందని చెబితే నీలకంఠం పొలమారేదాకా నవ్వాడు. పాయసం రెండుసార్లు వడ్డించుకున్నారు. తాంబూలాలు వేసుకున్నారు. గంటన్నర తర్వాత వాసవీకుమారి ఉప్పు లేకుండా మెత్తగా కలిపిన మజ్జిగన్నం పట్టుకుని వెళ్ళింది.

గురువమ్మ నోరు తెరుచుకుని ఉంది. నీళ్ళ గ్లాసు కింద పడి ఉంది. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, ఎందుకంటే బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది. ఆ వేలు తీయడానికి భీమేశ్వరరావూ నీలకంఠమూ కలిసి పట్టుకోవలసి వచ్చింది. తీశాక కూడా అది వంగిన వేలు వంగినట్టే ఉండిపోయింది. అలాగే తీసుకెళ్ళారు. నిద్దట్లో పోనాదని వీధిలో చెప్పారు.

అనుదీప్ ఒక్కడికే తెలిసిన ముక్క ఇంకొకటుంది. ‘తర్వాత’ అనిపించుకున్న ప్రతిసారీ డబ్బా ఒక లెక్క రాసుకుంది. ఆ సాయంత్రం చూశాడు. మూడు వందల పన్నెండు. వెంటనే ఆ లెక్కంతా చెరిపేశాడు. భార్యకి కూడా చెప్పలేదు. మర్నాడు ఏడో మీట ఊడబెరికి, గోదాములో తీగ కత్తిరించి, కొసకి టేపు చుట్టేశాడు.

ఇప్పుడు నడిమింట్లో గూటి ముందు నిలబడి అద్దంలోకి చూశాడు.

7: వచ్చాను.
7: సరిపోతుంది.
7: తర్వాత. 313.

చూస్తుండగానే కింద మరో మూడు వరసలు పడ్డాయి. 314.

పోయినేడు ఆగిన చోటు నుంచే లెక్క మొదలైంది. చెరిపేసిన లెక్క.

తీగలో ఎక్కడో తడి తగిలిందేమో, ఎలక కొరికిందేమో అని తనకి తనే చెప్పుకున్నాడు. పట్టపగలు కదా, భయమేముంది అని గోదాములోకి నడిచాడు. పప్పుల బస్తాలు, పసుపు బస్తాలు, మిరప బస్తాలు, మధ్యలో ఒక మనిషి పట్టే దారి. పై కప్పు రేకుల్లోంచి ఎండ సన్నగా గీతలు గీతలుగా పడుతోంది. ఆ చివర వెనక గది తలుపు. గొళ్ళెం పెట్టే ఉంది. తలుపు పక్కన గోడకి వేలాడుతున్న తీగ కొస పట్టుకుని చూశాడు. చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది. అవతలి ముక్కకీ దీనికీ మధ్య జానెడు ఖాళీ.

అప్పుడు వాసన తగిలింది. పసుపు వాసన కాదు. నీలగిరి తైలం, డెట్టాలు, తడి దుప్పటి... కలిసిన వాసన. తలుపు కింది సందులో వెలుగు కనబడింది. ఎర్రగా వెలిగింది. ఆరింది. వెలిగింది...

లోపల మీట లేదు. పెరికినవాడు తనే. అది ఎక్కడో బస్తాల వెనక అట్టపెట్టెలో ఉంది.

వెలిగింది. ఆరింది.

అనుదీప్ గొళ్ళెం ముట్టకుండా వెనక్కి వచ్చేశాడు. అద్దం మీద 331.

డాబా మీదికి పరిగెత్తేసరికి భీమేశ్వరరావు పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. నీలకంఠం పంచదార నీళ్ళ గ్లాసు పెదవులకి ఆనిస్తున్నాడు. ఆయన పళ్ళు బిగించేశాడు. నీళ్ళు గడ్డం మీంచి కారిపోతున్నాయి. వాసవీకుమారి కాళ్ళు పట్టుకుని బతిమాలుతోంది.

“కాకి ముట్టనీ,” అంటున్నాడాయన పళ్ళ సందుల్లోంచి. “పోయినేడు తిన్నాం గదా... అప్పుడు తిన్నాం గదా అందరం...”

అనుదీప్ పిట్టగోడ దగ్గరికి వెళ్ళాడు. పిండం ముందు నిలబడ్డాడు. సరైన మాట ఏదో తనకి తెలుసు. పొద్దున్నుంచీ తెలుసు. ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు.

“మామ్మా. ఈపాలి గంట మోగితే ఎవులో ఒకలం ఒస్తాం.”

రెక్క చప్పుడైంది.

ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఒక ముసలి కాకి ఆకుకి అటువైపు వాలింది. మెడ దగ్గర ఈకలు ఊడిపోయి ఉన్నాయి. కాకి పిండం వైపు చూడలేదు. తల ఒక పక్కకి వంచి అనుదీప్ వైపే చూస్తోంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ముక్కు ఆకు మీదికి వంచదు, ఎగిరిపోదు. ఏదో వినడానికి చెవి ఒగ్గి కూర్చున్నట్టు కూర్చుంది.

అది దేనికోసం చూస్తోందో అనుదీప్‌కి అర్థమైంది.

మెట్లు దిగి నడిమింట్లోకి వచ్చాడు. డబ్బా ముందు కూర్చున్నాడు. ఏడాది కిందట ఎడం చేత్తో రాసిన ఆ ఒక్క లైను ఇంకా అలాగే ఉంది. ఆ రోజు తీసేయడం మర్చిపోయాడు. అవసరం ఏముందనుకున్నాడు. పైనుంచి తల్లి ఏడుపు వినబడింది. ఆ లైను చెరిపేశాడు.

నంబరు 340 దగ్గర ఆగింది.

గంట మోగింది.

ఏడాదిగా వినని గంట. ఇల్లంతా ఆ చివర్నుంచి ఈ చివరికి మోగింది. మెట్ల మీద అడుగులు. తండ్రిని చెరో రెక్కా పట్టుకుని నీలకంఠం, వాసవీకుమారి దించుకొస్తున్నారు. వెనకే సాయిపద్మ. పంతులుగారు ఒక్కరే పైన కాకిని చూస్తూ ఉండిపోయారు. నడిమింట్లోకి వచ్చి అందరూ ఆగిపోయారు. ఏ గంటో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మళ్ళీ మోగింది.

వాసవీకుమారి సాయిపద్మ వైపు చూసింది. సాయిపద్మ అనుదీప్ వైపు చూసింది. నీలకంఠం జేబులోంచి ఫోను తీసి, రాని ఫోనుకి హలో అనుకుంటూ గోడవైపు తిరిగాడు. అనుదీప్ డబ్బా తీగలు సర్దుతున్నట్టు వంగాడు. మాటిచ్చినవాడు తనే. లేవలేదు. కాళ్ళు రాలేదు, అదీ నిజమే. కానీ రప్పించడానికి అతను ప్రయత్నం కూడా చెయ్యలేదు.

మూడోసారి మోగింది.

“అమ్మ పిలుస్తన్నాది,” అన్నాడు భీమేశ్వరరావు.

ఇద్దరి చేతులూ విడిపించుకున్నాడు. గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వంటిల్లు దాటాడు. గోదాము దారిలో బస్తాలకి భుజాలు రాసుకుంటూ వెళ్ళాడు. ఎవరూ ఆపలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, వెళ్ళేవాడొకడు దొరికాడని నలుగురి గుండెలూ కుదుటపడ్డాయి. గొళ్ళెం తీసిన చప్పుడు వినబడింది. తలుపు కిర్రుమంది. ఆ తర్వాత... ఏమీ లేదు. గంట లేదు. మాట లేదు.

“ముట్టింది!” అన్నారు పైనుంచి పంతులుగారు. “ముట్టిందండీ! మొత్తం తినేసింది!”

అద్దం మీద ఒక వరస పడింది.

7: ముడి పడింది.

తలుపు మూసిన చప్పుడైంది. గొళ్ళెం మళ్ళీ పడింది. గోదాములోంచి అడుగులు వస్తున్నాయి. తడబాటు లేదు, గోడ పట్టుకోవడం లేదు. భీమేశ్వరరావు వంటింటి గుమ్మం దాటి వెలుగులోకి వచ్చాడు. చెమట ఆరిపోయింది. మొహం తేటగా ఉంది. ఎవరి వంకా చూడకుండా వచ్చి నడిమింట్లో పీట మీద కూర్చున్నాడు.

“ఆకలేస్తన్నాది,” అన్నాడు.

ఇంకేం కావాలి? ఇల్లంతా ఒక్కసారి కదిలింది. పంతులుగారు ఉత్తరీయం దులుపుకుని అంకులికి పరిగెత్తారు. ఐదు ఆకులు పరిచారు. అందరూ ఒకే బంతిన కూర్చుని, మధ్యలో గిన్నెలు పెట్టుకుని ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకున్నారు. పెసరపప్పు, అరటికాయ కూర, నువ్వుల పొడి, గారెలు, పరమాన్నం. చల్లారిపోయినా పొద్దున్నుంచీ కాచుకున్న ఆకలికి అన్నీ అమృతంలా ఉన్నాయి. నీలకంఠానికి మాటలు వచ్చేశాయి. బావ గట్టివాడని, గుండు సంగతి మాత్రం అమ్మవారికి గుర్తుండకపోతే బాగుణ్ణని అన్నాడు. వాసవీకుమారి పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది.

అనుదీప్ తండ్రి పక్కన కూర్చున్నాడు. నీలగిరి తైలం వాసన వచ్చింది. ఆ గదిలోకి వెళ్ళొచ్చాడు కదా, అంటుకుని ఉంటుంది అనుకున్నాడు. తండ్రి గారెలన్నీ ఆకులో ముక్కలు చేశాడు. మీద మజ్జిగ పోసుకున్నాడు. వేళ్ళతో పిసికాడు. పళ్ళన్నీ గట్టిగా ఉన్న మనిషి, శనగలు నమిలే మనిషి, గారెల్ని గుజ్జు గుజ్జుగా, జావలాగా పిసుకుతున్నాడు. వాసవీకుమారి ఉప్పు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడు చూశాడు అనుదీప్. నాలుగు వేళ్ళతోనే తింటున్నాడు. బొటనవేలు అరచేతి వైపుకి కొక్కెంలా వంగిపోయి ఉంది. ఎంత ముద్ద ఎత్తినా అది చాచుకోవడం లేదు.

గంట మోగింది.

ఐదు చేతుల్లో నాలుగు ఆకుల మీద ఆగిపోయాయి.

అద్దం మీద ఏడు. పక్కన 1.

మళ్ళీ మోగింది. 2. ఈసారి వెంటవెంటనే మోగింది. 3. 4. నొక్కడం తెలియనివాడు, కంగారులో బలంగా నొక్కుతున్నట్టు. గోదాము చివర్నుంచి ఇంకో చప్పుడు కూడా వస్తోంది. చెక్కని అరచేత్తో బాదుతున్నట్టు. ఆ గదిలోంచి అరిస్తే ఇక్కడికి వినపడదు. అది అందరికీ తెలుసు.

వాసవీకుమారి పెదవులు కదిలాయి.

“లోపల ఎవులున్నారు?” అంది. భర్త వైపు చూడకుండానే అంది.

భీమేశ్వరరావు ఆకులోంచి తల ఎత్తలేదు. జావ జుర్రుకున్నాడు. గొంతు ఆయనదే.

“అది మోగుతానే ఉంటాది,” అన్నాడు. “తినండి.”

ఎవరూ లేవలేదు. కొంచెంసేపటికి నీలకంఠం అరటికాయ కూర కలుపుకున్నాడు. సాయిపద్మ తల వంచుకుని పప్పన్నం నోట్లో పెట్టుకుంది. వాసవీకుమారి భర్త ఆకులో మరో గారె వేసింది. 38. 39. గంట మోగుతూనే ఉంది. అనుదీప్ ఒక్కడే అద్దం వైపు చూస్తున్నాడు. ఏడో నంబరు లెక్క కింద ఇంకో వరస మెల్లగా పడింది.

8: వచ్చాను.

ఆ ఇంట్లో ఏ గోడకీ అతను ఎనిమిదో తీగ లాగలేదు. చూస్తుండగానే దాని కింద ఇంకో వరస.

8: సరిపోతుంది.

ఎవరొచ్చినా అలాగే అనమని రాసింది తనే; ఇక మిగిలింది ముడి. వంగిన బొటనవేలు అతని మణికట్టుకి మెత్తగా తగిలింది. పరమాన్నం గిన్నె అతని వైపు జరిగింది.

అనుదీప్ వడ్డించుకున్నాడు. అందరూ తిన్నారు.